తడి దుప్పట్ల పందెం

వీధంతా చూస్తుండగా కోడలు పనిముట్ల సంచీ భుజాన వేసుకుని షాపు మెట్లు దిగిపోయిన దగ్గర ఆగాం. ఎందుకు దిగిందో మరిచిపోయినవాళ్ల కోసం, మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ల కోసం నాలుగు ముక్కల్లో చెప్పుకుందాం.

షాపు మామయ్యది. మిక్సీ, ఫ్యాను, వాషింగ్ మిషన్, గీజరు, ఇంట్లో కరెంటు తిని బతికేది ఏది మొండికేసినా ఆయన దగ్గరికే వస్తుంది. వీధిలో ఆయన్ని మొట్టికాయల మేస్త్రి అంటారు. ఏ వస్తువు తెచ్చినా ముందు వేలి కణుపులతో దాని నెత్తిన ఒక్కటిచ్చుకుంటాడు, ఆ తర్వాత తల వంచి చెవి పెడతాడు. సగం వస్తువులు ఆ మొట్టికాయకే దారికొస్తాయి. ఆ షాపుకో కట్టుబాటు కూడా ఉంది. వస్తువు షాపుకు రావాలి, షాపు మనిషి ఇంటికి వెళ్లకూడదు. "రోగి డాక్టరు దగ్గరికొస్తాడా, డాక్టరు రోగి దగ్గరికెళ్తాడా?" అంటాడాయన. ఇళ్లకు వెళ్లే డాక్టర్లు కూడా ఉంటారని ఆయనకెవరూ చెప్పలేదు కాబోలు.

పిల్లలమ్మ వాషింగ్ మిషన్‌తో వచ్చింది తంటా అంతా. ఉద్యోగాలకు వెళ్లే తల్లుల పిల్లల్ని పగలంతా తన ఇంట్లో పెట్టుకుని చూసుకునే మనిషి ఆవిడ. ఆ మిషన్ అప్పుడప్పుడు షాక్ కొడుతుంది. ఎప్పుడు కొడుతుందో దానికే తెలీదు. మొదటిసారి తెస్తే మామయ్య మొట్టికాయ వేసి, తిప్పి చూసి, నిక్షేపంలా ఉందని పంపించేశాడు. రెండోసారి తెచ్చింది మాత్రం కళ్లనీళ్లతో. ఒక బుడ్డోడు దానికి ఆనుకుని నిలబడి కెవ్వుమన్నాడట. తల్లులు పిల్లల్ని మానిపిస్తామంటున్నారట. మామయ్య మళ్లీ తిప్పి చూశాడు. మళ్లీ నిక్షేపమే. "లోపం మిషన్లో లేదు, మీ భయంలో ఉంది. పట్టుకెళ్లండి" అన్నాడు.

అప్పుడే కోడలు గుమ్మానికి అడ్డం నిలబడింది. "ఇది షాపు దాటదు మామయ్యా" అంది. మాటా మాటా పెరిగింది. ఆయన పెద్ద కుర్చీలో వెనక్కి వాలి పందెం వేశాడు. "లోపం చూపించు, ఈ కుర్చీ దిగుతా. చూపించలేకపోయావా, ఆ స్క్రూడ్రైవర్ అక్కడ పెట్టి లోపలికి పో. ఇంకెప్పుడూ ఆ ముక్కాలిపీట మీద కూర్చోకూడదు." కోడలికి రిపేరు బల్ల ముందున్న ఆ పీట ఊరికే రాలేదు. పోరి పోరి సంపాదించుకుంది. అయినా సరేనంది, కట్టుబాటు తన్నేసి పిల్లలమ్మ ఇంటికే బయలుదేరింది. ఇంత గొడవ జరుగుతుంటే ఆమె మొగుడు, మామయ్య కొడుకు, ఎడంచేత్తో ఒక మిక్సీ స్క్రూ తిప్పుకుంటూ తలెత్తలేదు. నోట్లో నాలుక లేని మనిషని ఊరంతా అనుకునేదే కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

ఇక అసలు కథలోకి వద్దాం.

కోడలు తిరిగొచ్చింది. చంకలో నీళ్లోడుతున్న దుప్పట్ల మూట. వెనకాల పిల్లలమ్మ, ఆవిడ చంకలో ఇంకో మూట. మెట్ల మీద నుంచి షాపులోకి నీళ్ల ధార గీతలా పడింది.

పక్క కొట్టు టైలరు మిషన్ తొక్కడం ఆపేసి మెడలో టేపుతోనే పరుగెత్తుకొచ్చాడు. "ఏం మేస్త్రిగారూ, లాండ్రీ కూడా మొదలెట్టారా? ముందే చెప్పుంటే నా దుప్పటి కూడా పడేసేవాణ్ణి కదా!"

మామయ్య కుర్చీలోంచి సగం లేచి మళ్లీ కూర్చున్నాడు. "కరెంటు షాపులోకి తడి బట్టలా! బుద్ధుందా అమ్మాయ్?"

"బట్టలుతికే మిషన్లో తడి బట్టలు కాక ఎండు కట్టెలు వేస్తారా మామయ్యా?" కోడలు మూట కింద పడేసి, చెమట తుడుచుకుంది. "ఒక్క మాట అడుగుతాను చెప్పండి. మన షాపులో ఇన్నేళ్లుగా ఎన్ని వాషింగ్ మిషన్లు బాగుచేశాం. ఒక్కదాంట్లోనైనా గుడ్డముక్క వేసి తిప్పి చూశామా?"

నిజానికి అది ఎవరికీ తట్టని సంగతి. రిపేరు షాపుకు మాసిన బట్టలు వెంటబెట్టుకుని ఎవరొస్తారు? ఖాళీగా తెస్తారు, వీళ్లు ఖాళీగానే తిప్పి చూస్తారు, ఖాళీగానే పంపిస్తారు.

"ఖాళీ బండి ఎక్కడైనా బురదలో దిగబడుతుందా?" అంది కోడలు. "అది షాక్ కొట్టినప్పుడు మీరేం చేస్తున్నారని పిన్నిగారిని అడిగాను. దుప్పట్లు వేసిన రోజే దానికి దయ్యం పడుతుందమ్మా అన్నారు."

"మొదటిసారి వచ్చినప్పుడు కూడా అన్నానమ్మా" అంది పిల్లలమ్మ నెమ్మదిగా. "నవ్వారు."

ఎవరు నవ్వారో చెప్పలేదావిడ, మంచి మనిషి. మామయ్య మీసం సర్దుకున్నాడు.

"సరే, వెయ్యి నీ దుప్పట్లు. చూద్దాం దాని దయ్యం."

కోడలు దుప్పట్లు కుక్కింది. నీళ్ల గొట్టం తగిలించింది. చుట్టూ ఉన్నవాళ్లను వెనక్కి జరగమంది. మిషన్ని ఎవరూ ముట్టుకోవద్దంది. మీట నొక్కింది. మిషన్ మూలిగింది, దొర్లింది, నీళ్లు వదిలేసి పిండడానికి గిరగిరా తిరగడం మొదలుపెట్టింది. వీధిలో పోయేవాళ్లు కూడా ఆగి చూస్తున్నారు. టెస్టరు పట్టుకుని కోడలు కాసుకుని కూర్చుంది.

ఏమీ కాలేదు. మిషన్ బుద్ధిగా తిరిగి బుద్ధిగా ఆగింది.

టైలరు గొంతు సవరించుకుని తన మెడలో టేపు వంక చూసుకున్నాడు. మామయ్య మొహంలో నవ్వు మెల్లగా పరుచుకుంది. దుర్మార్గపు నవ్వు కాదది, గెలవడం అలవాటైనవాడి నవ్వు. చెయ్యి చాపాడు. "ఏదీ ఆ స్క్రూడ్రైవర్?"

కోడలికి ఆ పీట మీద కూర్చుని తను విప్పిన మొదటి ఫ్యాను, వేలు కాల్చుకున్న రోజు, "ఆడపిల్లవి నీకెందుకమ్మా ఈ మసి" అన్న ప్రతి నోరూ గుర్తొచ్చాయి. స్క్రూడ్రైవర్ని ఇంకా గట్టిగా పట్టుకుంది.

"ఇవ్వను."

"ఏంటీ?"

"ఇవ్వను మామయ్యా. ఇంకా అయిపోలేదు. ఒక్కసారికి ఒక్కటే మార్చమని మీరే కదా నేర్పారు! రెండు మార్చావంటే ఏది తేడా చేసిందో దేవుడికి కూడా తెలీదన్నారు. బట్టలొక్కటే మార్చాను. ఇప్పుడు ఇంకొకటి మారుస్తా."

"పందెంలో ఓడిపోయినవాళ్లంతా ఇంకొక్కసారనే అంటారు."

"అననివ్వండి. నేనూ అంటున్నాను." ఆమె పిల్లలమ్మ వైపు తిరిగింది. "పిన్నిగారూ, మీ ఇంట్లో ఇది నిలబడే చోటు ఇలా చదునుగా ఉందా?"

"చదునెక్కడమ్మా! నీళ్లు పోవాలని ఆ మూలకు వాలు పెట్టారు. మిషన్ ఊగిపోతుంటే ఒక కాలి కింద అట్టముక్క మడిచి పెట్టాను. నువ్వు చూశావుగా."

చూసింది. చూసి కూడా పట్టించుకోలేదు. తన నెత్తిన తనే ఒక మొట్టికాయ వేసుకోవాలనిపించింది కోడలికి. షాపులో నున్నటి బండల మీద మిషన్ పెళ్లిపీటల మీద పెళ్లికొడుకులా కుదురుగా నిలబడింది, ఇంక ఊగమంటే ఎక్కడూగుతుంది! టైలరు కొట్లోంచి ఒక అట్టముక్క తెప్పించింది, మడతపెట్టి ఒక కాలి కింద దూర్చింది. పిండిన దుప్పట్లను బకెట్లో ముంచి మళ్లీ తడిపింది. ఇంకేదీ ముట్టుకోలేదు. మీట నొక్కింది.

ఈసారి మిషన్ తిరగడం వేరు. మొదట భుజాలెగరేసింది. తర్వాత కాళ్లు కొట్టుకుంది. పిండే వేగం అందుకునేసరికి బండ మీద దడదడలాడుతూ గోడ వైపు జరగడం మొదలుపెట్టింది. వెనకరేకు లోపల ఏదో రేకుకు తగిలి గీరుకుంటున్న చప్పుడు. మామయ్య తల అలవాటుగా ఆ చప్పుడు వైపు వంగింది. ఆయన మొహంలో నవ్వు పోయింది.

టప్ మంది. మెయిన్ స్విచ్ పడిపోయింది. నెత్తి మీద ఫ్యాను నీరసంగా తిరిగి తిరిగి ఆగింది. మిషన్ కడుపులో నీళ్లు అటూ ఇటూ కదిలి సర్దుకున్నాయి.

"అమ్మ నీ దుంపతెగ!" అన్నాడు టైలరు. ఎవర్నో తెలీదు, మిషన్నే అయ్యుంటుంది.

కోడలు మామయ్య వైపు తిరిగింది. "మన షాపులో ఎర్త్ సరిగ్గా ఉంది, అందుకని మెయిన్ పడింది. పిన్నిగారింట్లో గోడ ప్లగ్గుకు మూడో చిల్లయితే ఉంది, దాని వెనక ఎర్త్ వైరు లేదు. నేను విప్పి చూశాను. అక్కడ కరెంటుకు ఎటు పోవాలో తెలీదు. ఎవరు చెయ్యేస్తే వాళ్లలోంచి పోతుంది. ఆ రోజు ఆ బుడ్డోడు చెయ్యేశాడు. భయం పిన్నిగారిది కాదు మామయ్యా. భయపడాల్సింది మనం."

పిల్లలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. ఇన్నాళ్లూ నీ చాదస్తం అన్నవాళ్లందరూ ఒక్కసారి తన మీద నుంచి దిగిపోయినట్టుంది ఆవిడకు. మామయ్య పెద్ద కుర్చీలో కదల్లేదు. "ముందు విప్పు" అన్నాడు. "లోపం ఎక్కడుందో కంటితో చూడాలి."

కోడలు ప్లగ్గు పీకి వెనకరేకు విప్పింది. వైర్ల కట్ట రేకు అంచుకు ఆనుకుని ఉంది. మిషన్ ఊగినప్పుడల్లా అంచు దాన్ని కోస్తోంది. అది ఆమె అనుకున్నదే. అనుకోనిది ఇంకొకటుంది. తెగిన చోట అప్పటికే ఎవరో నల్లటేపు చుట్టారు. తడికి, వేడికి అది జిగురు కరిగి పక్కకు జారిపోయింది. రాగి బయటపడి మెరుస్తోంది. జారిన టేపు చివర వెనక్కి మడిచి ఉంది, చిన్న చెవిలాగా.

ఆ మడత చూడగానే కోడలి చేతిలో స్క్రూడ్రైవర్ ఆగిపోయింది. టేపు చివర అలా మడిచేది లోకంలో ఈ ఒక్క షాపే. ఆమెకు మామయ్య నేర్పిన మొదటి పాఠం అది. "చివర మడువు. రేపు విప్పేవాడు కూడా మనిషే, వాడి గోళ్లు అరగకూడదు."

"మామయ్యా, ఇది మన చుట్టు" అంది.

ఆయన కళ్లద్దాలు పెట్టుకుని కుర్చీలోంచే ముందుకు వంగాడు. వైరును వేళ్ల మధ్య పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. రెండుసార్లలో ఒక్కసారి కూడా వెనకరేకు విప్పకుండా మొట్టికాయతోనే సరిపెట్టాననే సంగతి ఆయనకు గుర్తుంది. కాబట్టి ఇది తన చుట్టు కాదు. పైగా చుట్టు తిరిగిన వైపు కూడా తనది కాదు.

"ఎడంచేతి వాటం" అన్నాడు.

ఆ షాపులో ఎడంచేతి వాటం మనిషి ఒక్కడే. అందరూ ఒక్కసారి అటు తిరిగారు. కొడుకు తేలు కుట్టిన దొంగలా మిక్సీ మూత పట్టుకుని నిలబడిపోయాడు.

ఇక పిల్లలమ్మ ఆగలేకపోయింది. "క్షమించు బాబూ, ఇంక దాచలేను. మేస్త్రిగారు బాగుందని పంపించాక కూడా షాక్ కొడుతుంటే ఈ బాబుకే చెప్పుకున్నానండీ. ఇంటికొచ్చి చూసి, ఏదో చుట్టి వెళ్లాడు. నాన్నకు తెలిస్తే నన్ను షాపులోకి రానివ్వడు, ఎవరికీ చెప్పకండి అన్నాడు. మంచివాడు కదా అని నోరు మూసుకున్నాను."

కోడలు లేచి నిలబడింది. చేతిలో స్క్రూడ్రైవర్ అలాగే ఉంది.

"నీకు తెలుసు" అంది.

పెళ్లయ్యాక నలుగురిలో ఆమె మొగుణ్ణి 'నువ్వు' అనడం అదే మొదలు. టైలరు ఒకడుగు వెనక్కి వేశాడు.

"ఇందులో లోపముందని నీకు తెలుసు. నా పీట పందెంలో పెడుతుంటే అక్కడే ఉన్నావు, స్క్రూ తిప్పుకుంటూ ఉన్నావు. మీ నాన్న ముందు నీకు నోరు లేదు, సరే. అది నీ పుట్టుక. పెళ్లాం పీట పోతుంటే కూడా నోరు రాలేదా?"

"టేపు వేశాను కదా, ఆగుతుందనుకున్నాను" అన్నాడతను నేల చూస్తూ. "చెబితే... ఇళ్లకు వెళ్తున్నానని తెలిసిపోతుంది."

"టేపు వేస్తే లోపం పోదు, దాక్కుంటుంది. అంచు అక్కడే ఉంది, వైరు అక్కడే ఉంది. మీ నాన్న మొట్టికాయ కూడా అంతే. నోరు మూయించడమే గానీ జబ్బేమిటని అడగడం తెలీదు మీ ఇద్దరికీ. ఈ షాపులో వస్తువులైనా మనుషులైనా అంతే!"

ఆ మాట మామయ్యకు సూటిగా తగిలింది. తగలాలనే అంది. ఇంకొకప్పుడైతే ఆయన కేకకు వీధి చివర కుక్కలు కూడా లేచేవి. ఇప్పుడు మాత్రం వేళ్ల మధ్య టేపును నలుపుతూ ఉండిపోయాడు. నలిపిన వేళ్లకు నల్లటి జిగురు అంటుకుంది.

"ఇది మన టేపు కాదు" అన్నాడు ఉన్నట్టుండి. "మన టేపు ఇలా కరగదు. ఎక్కడిదిరా ఇది?"

"షాపులోది తీస్తే నీకు తెలుస్తుందని బయట కొన్నాను నాన్నా. చవగ్గా వచ్చింది."

ఒక్కొక్కసారి చిన్న మాట వెనక పెద్ద మాట వస్తుంది. కోడలికి ముందుగా స్ఫురించింది. కోపమంతా ఒక్క క్షణం పక్కకు పోయింది.

"ఇంకా ఎవరింటికి వెళ్లావు? ఇదే టేపు ఇంకెక్కడ వేశావు?"

అతను చేతిలో మిక్సీ మూత అటూ ఇటూ తిప్పాడు.

"చెప్పు! ఎక్కడ జారిపోయి వేలాడుతోందో ఏమో!"

"ఒక ఇంట్లో ఇస్త్రీపెట్టె తీగకు. అది వాళ్లు మార్చేశారు, నాకు తెలుసు." అతను మిక్సీ మూత బల్ల మీద పెట్టాడు. "ఇంకొకటి గీజరుకు."

"గీజరుకు టేపు చుట్టావా!" మామయ్య కేక ఈసారి బయటికొచ్చింది. "నీళ్ల మధ్య, వేడి మధ్య, ఈ జిగురు టేపా! ఎవరింట్లోరా?"

కొడుకు తండ్రి కళ్లలోకి చూశాడు. బహుశా జీవితంలో మొదటిసారి చూసి ఉంటాడు.

"అక్కింట్లో."

ఆ షాపులో ఆ మాట పలకరు. కోడలు కాపురానికి వచ్చేనాటికే ఆ అలవాటుంది. ఇప్పుడు కోడలు కూర్చునే ముక్కాలిపీటను ఒకప్పుడు అడిగింది ఆ కూతురే. నాన్నా, నాకూ నేర్పు, తమ్ముడి కంటే బాగా చేస్తానంది. ఆడపిల్లకు పీటెందుకన్నాడాయన. మాటలు ముదిరి, ఆమె తనకు నచ్చినచోట పెళ్లి చేసుకుని, ఊళ్లోనే ఉంటూ ఈ గుమ్మం తొక్కనంది. నీ గుమ్మం నేనూ తొక్కనన్నాడాయన. ఇళ్లకు వెళ్లకూడదన్న కట్టుబాటు ఆ మర్నాడే పుట్టింది. తిరిగితే ఎప్పుడో ఒకప్పుడు ఆ వీధికి కూడా వెళ్లాల్సి వస్తుందని. రోగీ లేడు, డాక్టరూ లేడు. ఉన్నది ఆ భయమొక్కటే.

"అక్కే కబురు చేసింది" అన్నాడు కొడుకు. "నీళ్లు పట్టుకుంటే చురుక్కుమంటోందంది. రోజూ కాదు, అప్పుడప్పుడు. మీ నాన్న నేర్పి ఉంటే నేనే చూసుకునేదాన్నిరా అని నవ్వింది."

కూతురి నవ్వు మామయ్యకు వినిపించినట్టే ఉంది.

"ఫోన్ చెయ్యి" అంది కోడలు. "వదినను మెయిన్ ఆపమను. ముందు అది. మనం తర్వాత కొట్టుకుందాం."

అతను నంబరు వెతుకుతుంటే ఫోన్ ఆమే లాక్కుని నొక్కి, అందరికీ వినపడేలా పెట్టింది. మోగుతోంది. ఎవరూ ఎత్తడం లేదు. మళ్లీ నొక్కింది.

మామయ్య పెద్ద కుర్చీ దిగాడు. పందెం ఓడినందుకు దిగాడో ఎందుకు దిగాడో ఎవరూ అడగలేదు. గోడవార చెప్పుల కోసం కాలితో తడుముతున్నాడు. షాపులోంచి ఎన్నాళ్లుగానో ఎక్కడికీ కదలని మనిషికి ఒక చెప్పే దొరికింది.

ఫోన్ ఎత్తారు. హలో అని మాత్రం అనలేదెవరూ. అవతల నీళ్లు పడుతున్న చప్పుడు.

"వదినా! వదినా, ఆ నీళ్లు ముట్టుకోకండి!" అని అరిచింది కోడలు.

నీళ్ల చప్పుడు తప్ప సమాధానం లేదు. మామయ్య ఒంటి చెప్పుతోనే వచ్చి ఫోన్ అందుకున్నాడు. ఇన్నేళ్లూ గొంతులో అదిమిపెట్టిన పిలుపు అడక్కుండానే బయటికొచ్చింది.

"అమ్మలూ! నేనే తల్లీ, నాన్నని..."

అవతల ఎవరో ఊపిరి తీసుకున్నారు. అప్పుడు వచ్చిందొక సన్నటి గొంతు. ఇప్పుడిప్పుడే మాటలు నేర్చుకుంటున్న గొంతు. ఆయన ఎన్నడూ వినని గొంతు.

"అమ్మ తానం చేత్తోంది" అంది. "నువ్వెవలు?"